టాపు మీద సోలార్ ఫుల్, కింద సెల్ఫ్ బ్యాటరీ డెడ్: నిలబెట్టిన వ్యాన్‌కి ఏం చేయాలి?

గండికోట_రోడ్డు (కడప)

అన్నలూ, ఒక సలహా కావాలి. మాది ట్రావెలర్ వ్యాన్, లోపల మంచాలు, చిన్న వంటగది, ఫ్రిజ్ పెట్టించి క్యారవాన్ లాగా మార్పించుకున్నాం. పిల్లల సెలవులు చూసుకుని ఎప్పుడైనా అహోబిలమో బెలుం గుహలో హార్స్‌లీ హిల్సో కదులుతాం, మిగతా రోజులన్నీ ఊరి బయట మా ఖాళీ సైటులో ఎండకి నిలబడి ఉంటుంది. టాపు మీద 200 వాట్ల ప్యానెల్ ఉంది, దాంతో లోపలి లైట్లకి, ఫ్రిజ్‌కి పెట్టిన 150 ఏహెచ్ (ఆంపియర్-అవర్, బ్యాటరీ ఎంత కరెంటు దాచుకుంటుందో చెప్పే లెక్క) లిథియం బ్యాటరీ ఎప్పుడు చూసినా ఫుల్లే. కానీ ఇంజిన్ స్టార్ట్ చేసే మామూలు లెడ్ బ్యాటరీ (12 వోల్టులు, 100 ఏహెచ్, కొని ఏడాది కూడా కాలేదు) రెండు వారాలు కదపకపోతే చాలు, తాళం తిప్పితే కట కట కట, అంతే. ప్రతిసారీ పక్క వీధి ట్రాలీ ఆటో వాళ్ళని బతిమాలి జంప్ పెట్టించుకుంటున్నా. షాపులో అడిగితే ఇంకా పెద్ద బ్యాటరీ వేయించుకో అంటున్నారు. అదేనా దారి? డిసెంబరు సెలవుల లోపు తేల్చుకోవాలి.

డ్రైవర్_బాబాయి (నంద్యాల)

దీనికి ఇంత టెన్షన్ ఎందుకు నాయనా. ప్రతి ఆదివారం పోయి బండి స్టార్ట్ చేసి పది నిమిషాలు ఉంచు, నువ్వు టీ తాగి వచ్చేలోపు బ్యాటరీ ఎక్కుతుంది. లారీలు నడిపినంత కాలం నేను చేసింది ఇదే, ఏ బ్యాటరీ నన్ను రోడ్డు మీద నిలబెట్టలేదు.

మల్టీమీటర్_మావ (కర్నూలు)

బాబాయ్, మీ మీద గౌరవంతోనే చెప్తున్నా, ఈ బండికి ఆ లెక్క కుదరదు. మీ కాలం లారీలో తాళం తీస్తే బ్యాటరీ మీద దాదాపు ఏ లోడూ ఉండేది కాదు. ఇప్పటి బండ్లలో తాళం తీసినా ఈసీయూ (ఇంజిన్‌ని నడిపించే కంప్యూటర్), సెంట్రల్ లాక్, అలారం, ట్రాకర్, స్టీరియో మెమరీ, అన్నీ చుక్క చుక్క తాగుతూనే ఉంటాయి. 20 నుంచి 50 మిల్లీ ఆంప్స్ వరకు మామూలే అనుకోవచ్చు. 50 మిల్లీ ఆంప్స్ అంటే రోజుకి 1.2 ఏహెచ్, నెలకి 36. అంటే ఏ రోగం లేని బండి అయినా నెలలో 100 ఏహెచ్ బ్యాటరీలో మూడో వంతు పైన ఖాళీ చేస్తుంది.

గండికోట బ్రో, నీది రెండు వారాలకే పడిపోతోంది కాబట్టి నీ బండిలో ఏదో దీనికి మూడు నాలుగు రెట్లు లాగుతోంది. ముందు అది కొలువు. కొలవకుండా పెద్ద బ్యాటరీ కొంటే రెండు వారాల బదులు మూడు వారాలకి పడిపోతుంది, అంతే తేడా.

డ్రైవర్_బాబాయి (నంద్యాల)

సరే, లాగుతోందే అనుకో. వారానికోసారి ఎక్కిస్తుంటే సరిపోదా అని నా ప్రశ్న.

మల్టీమీటర్_మావ (కర్నూలు)

సెల్ఫ్ కొట్టడానికి పోయేది తక్కువే బాబాయ్, 200 ఆంప్స్ మూడు సెకన్లు లాగినా అర ఏహెచ్ కూడా కాదు. అసలు సమస్య మిగతా వారం అంతా కారిపోయేది. ఇతని బండి 180 మిల్లీ ఆంప్స్ తాగుతోందనుకోండి, వారానికి 30 ఏహెచ్ పోతుంది. బండి కదలకుండా ఇంజిన్ ఐడిల్‌లో ఉంటే ఆల్టర్నేటర్ (ఇంజిన్‌తో తిరిగి బ్యాటరీని ఛార్జ్ చేసేది) పూర్తి కరెంటు ఇవ్వదు, 20-30 ఆంప్స్ బ్యాటరీలోకి పోయిందని ఉదారంగా లెక్కేసినా పది నిమిషాల్లో ఎక్కేది నాలుగైదు ఏహెచ్. చిల్లి కుండలో చెంబుతో నీళ్లు పోసినట్టు. పైగా డీజిల్ ఇంజిన్‌ని వేడెక్కకముందే ఆపేస్తే ఆయిల్‌లో, సైలెన్సర్‌లో తేమ నిలిచిపోతుంది, బీఎస్-6 బండి అయితే పొగ ఫిల్టర్‌లో మసి పేరుకుంటుంది. స్టార్ట్ చేస్తే ఒక గంట హైవే మీద తిప్పుకుని రావాలి, లేదంటే ముట్టుకోకపోవడమే మేలు.

బ్యాటరీ_షెడ్డు (అనంతపురం)

నాకు చిన్న బ్యాటరీ రిపేరు షాపు ఉందప్పా, రోజూ చూసే కథే ఇది. ఒక్క మాట ఎవరూ చెప్పలేదు. ఇంజిన్ బ్యాటరీ వేరు, లోపల లైట్లకి వాడేది వేరు. ఇంజిన్ బ్యాటరీలో పల్చటి ప్లేట్లు ఎక్కువగా ఉంటాయి, ఒక్కసారిగా వందల ఆంప్స్ ఇవ్వడానికి. దాన్ని అడుగంటా ఖాళీ చేస్తే తట్టుకోదు. ఖాళీగా నిలబెడితే ప్లేట్ల మీద లెడ్ సల్ఫేట్ గట్టిపడిపోతుంది, ఆ తర్వాత ఎంత ఛార్జింగ్ పెట్టినా పాత సత్తా రాదు. ఇట్లా పూర్తిగా డెడ్ అయి మళ్ళీ జంప్ పెట్టించుకున్న ప్రతిసారీ ఆ బ్యాటరీ ఆయుష్షు తగ్గినట్టే.

ఇంకోటి, మన ఎండ. వేడి పది డిగ్రీలు పెరిగితే బ్యాటరీ తనంతట తాను దిగిపోయే వేగం దాదాపు రెట్టింపు అవుతుంది. ఏప్రిల్, మే నెలల్లో మా అనంతపురంలో 40 దాటుతుంది, బానెట్ కింద ఇంకా ఎక్కువ. చలి దేశాల వాళ్ళు రాసిన "మూడు నెలలు నిశ్చింతగా వదిలేయొచ్చు" లాంటి మాటలు ఇక్కడ పట్టుకోవద్దు.

గండికోట_రోడ్డు (కడప)

షెడ్డు అన్నా, మరి నా బ్యాటరీ ఇప్పటికే పాడైపోయిందా? పైన పచ్చ కన్ను ఒకటి ఉంది, జంప్ పెట్టి తిప్పుకొచ్చాక పచ్చగానే కనిపిస్తోంది.

బ్యాటరీ_షెడ్డు (అనంతపురం)

ఆ కన్ను ఆరు సెల్లుల్లో ఒక్క సెల్లునే చూస్తుంది, దాన్ని నమ్మొద్దు. బండి ఆపిన వెంటనే కాకుండా ఒక రాత్రి వదిలేసి పొద్దున మీటరు పెట్టు. 12.6 ఉంటే ఫుల్లు, 12.4 అంటే ముప్పావు, 12.2 అంటే సగం, 12 అంటే పావు మిగిలింది, 11.8 అంటే ఏం లేదు. కానీ వేడి ప్రాంతాల కోసం చేసే బ్యాటరీల్లో యాసిడ్ కొంచెం పల్చగా, సాంద్రత 1.240 దగ్గర నింపుతారు, వాటిలో ఫుల్ ఛార్జ్ మీద కూడా 12.5 చూపిస్తుంది, అది చూసి కంగారు పడొద్దు. మూతలు తెరుచుకునే రకం అయితే హైడ్రోమీటరుతో (యాసిడ్ సాంద్రత కొలిచేది) ఆరు సెల్లులూ చూడు, ఒకటి మాత్రం మిగతావాటి కంటే బాగా కిందికి ఉంటే ఆ బ్యాటరీ పనైపోయినట్టే. నీళ్లు తగ్గి ఉంటే డిస్టిల్డ్ వాటరే పోయాలి, ఫిల్టర్ నీళ్లు కాదు. ఎవడైనా యాసిడ్ పోస్తానంటే వద్దని చెప్పు.

పెన్నా_పక్కన (ప్రొద్దుటూరు, ఇప్పుడు టెక్సాస్)

మాది ప్రొద్దుటూరే, ఇక్కడ ఒక పాత మోటార్‌హోమ్ ఉంది. బ్రో, నీ సమస్య ఇక్కడ ఆర్వీలు (మోటార్‌హోమ్ లాంటి బండ్లు) ఉన్న వాళ్ళందరికీ తెలిసిన పాత సమస్యే. చాలా మోటార్‌హోమ్‌లలో బయట కరెంటు ప్లగ్గు తగిలించినా, టాపు మీద సోలార్ ఉన్నా, ఛార్జ్ అయ్యేది హౌస్ బ్యాటరీ (లోపలి లైట్లకి, ఫ్రిజ్‌కి వాడేది) ఒక్కటే. ఇంజిన్ బ్యాటరీని ఆల్టర్నేటర్‌కి వదిలేస్తారు. బండి నెలల తరబడి క్యాంప్‌గ్రౌండ్‌లో కరెంటుకి తగిలించి ఉంటుంది, లోపల ఏసీ తిరుగుతుంటుంది, బయల్దేరదామంటే ఇంజిన్ లేవదు.

దానికి ఇక్కడ వాడేది ట్రిక్-ఎల్-స్టార్ట్ లాంటి చిన్న డబ్బా. మూడు వైర్లు: హౌస్ బ్యాటరీకి ఒకటి, ఇంజిన్ బ్యాటరీకి ఒకటి, ఎర్త్ ఒకటి. హౌస్ వైపు ఛార్జింగ్ నడుస్తుంటే కొద్ది ఆంప్స్ ఇటు పంపిస్తుంది, అటు ఛార్జింగ్ ఆగిపోతే ఇదీ ఆపేస్తుంది. నీ టాపు మీద 200 వాట్లు ఊరికే పోతున్నాయి, అందులో చిటికెడు కిందికి దించితే చాలు.

తుంగభద్ర_గట్టు (కర్నూలు)

దానికంత అమెరికా డబ్బా ఎందుకు, ఇక్కడ దొరికే వీఎస్ఆర్ రిలే (వోల్టేజీ చూసి తనే ఆన్ ఆఫ్ అయ్యే స్విచ్) పెడితే అయిపోతుంది కదా? వోల్టేజీ 13.3 దాటితే రెండు బ్యాటరీలనీ కలుపుతుంది, 12.8 కిందికి పడితే విడదీస్తుంది. మా అన్న వాళ్ళ వ్యాన్‌లో అదే ఉంది, బ్రహ్మాండంగా పనిచేస్తోంది.

మల్టీమీటర్_మావ (కర్నూలు)

గట్టు, మీ అన్న వాళ్ళ హౌస్ బ్యాటరీ ట్యూబులర్ లెడ్డా, లిథియమా?

తుంగభద్ర_గట్టు (కర్నూలు)

ట్యూబులర్. ఇంటి ఇన్వర్టర్‌దే తీసి పెట్టారు.

మల్టీమీటర్_మావ (కర్నూలు)

అందుకే బాగా పనిచేస్తోంది. లెడ్డుకి లెడ్డు కలిపితే ఆ అంకెలు సరిపోతాయి. ఇతనిది లిథియం ఐరన్ ఫాస్ఫేట్, అది ఏ ఛార్జింగూ లేకుండా ఊరికే కూర్చున్నా 13.2, 13.3 దగ్గర ఉంటుంది. ఒకసారి కలిసిన రిలే 12.8 వస్తేనే కదా విడిపోయేది, లిథియం అక్కడికి రావాలంటే చాలా వరకు ఖాళీ అవ్వాలి. అంటే రాత్రీ పగలూ రెండు బ్యాటరీలూ అతుక్కునే ఉంటాయి, ఇంజిన్ వైపు దొంగ లోడు ఏదైనా ఉంటే అది లిథియాన్ని కూడా లాగుతుంది. పైగా ఇంజిన్ నడిచేటప్పుడు ఖాళీ లిథియం ఆల్టర్నేటర్ నుంచి అడ్డు అదుపు లేకుండా లాగేసి దాన్ని కాల్చేసే ప్రమాదం ఉంది. లిథియం ఉన్న చోట ఉత్త రిలే వద్దు, మధ్యలో డీసీ-డీసీ ఛార్జర్ (ఒక బ్యాటరీ నుంచి ఇంకో బ్యాటరీకి హద్దులో కరెంటు పంపే డబ్బా) ఉండాలి.

పెన్నా బ్రో చెప్పిన డబ్బాకి కూడా ఇదే మెలిక ఉంది, 13.3 చూసి హౌస్ వైపు ఛార్జింగ్ నడుస్తోందని భ్రమపడొచ్చు. కానీ అది పంపేది కొద్ది ఆంప్సే, లిథియాన్ని పొద్దున ఎండ మళ్ళీ నింపేస్తుంది, కాబట్టి అంత ప్రమాదం లేదు.

పెన్నా_పక్కన (ప్రొద్దుటూరు, ఇప్పుడు టెక్సాస్)

నిజమే మావా, నాది రెండు వైపులా లెడ్డే. లిథియం అయితే కింది హద్దు మనమే సెట్ చేసుకునే చిన్న డీసీ-డీసీ ఛార్జర్ మేలు.

అన్నట్టు ఇది చదువుతుంటే ఉగ్గాని బజ్జీ గుర్తొస్తోంది, ఇక్కడ బొరుగులు దొరుకుతాయి గానీ ఆ రుచి రాదు.

డ్రైవర్_బాబాయి (నంద్యాల)

బొరుగులు నానబెట్టి పిండేటప్పుడే ఉంటుంది అబ్బీ కిటుకు అంతా. సరే, నాకు ఇంకో సులువు తెలుసు, దాన్నయినా కాదనకండి. దిగేటప్పుడు బ్యాటరీ ఎర్త్ (నెగటివ్) వైరు తీసేస్తే? లగ్గు (టెర్మినల్ మీద వైరుని పట్టుకునే క్లాంపు) లూజు చేయడానికి పది నంబరు స్పానర్ చాలు, ఖర్చు సున్నా.

మల్టీమీటర్_మావ (కర్నూలు)

బాబాయ్, ఇది మాత్రం నూటికి నూరు పాళ్ళు సరైన మాట. స్పానర్ కూడా అక్కర్లేదు, నెగటివ్ మీద పెట్టే కట్-ఆఫ్ స్విచ్ కొన్ని వందల్లో దొరుకుతుంది. అది తిప్పేస్తే బండి లాగేది సున్నా, ఇక బ్యాటరీ తనంతట దిగేది మాత్రమే మిగులుతుంది. రెండు జాగ్రత్తలు మాత్రం చెప్పాలి. తాళం తీసిన వెంటనే కట్ చేయకూడదు, కొన్ని నిమిషాలు ఆగాలి, ముఖ్యంగా యూరియా ద్రవం వాడే బీఎస్-6 డీజిల్ బండ్లలో ఇంజిన్ ఆగాక పంపు పైపుల్లోని ద్రవాన్ని వెనక్కి లాక్కుంటుంది, ఆ పని మధ్యలో కరెంటు తీసేస్తే పైపుల్లో గడ్డకట్టి లేనిపోని ఖర్చు. రెండోది, ట్రాకర్ ఉంటే అదీ ఆగిపోతుంది. ఊరి బయట సైటులో పెట్టే బండికి ట్రాకర్ ఆపడం నాకైతే నచ్చదు, దాని ఎర్త్ ఒక్కటి స్విచ్‌కి ఇవతల, నేరుగా బ్యాటరీ మీదకి ఇచ్చుకోవాలి.

గండికోట_రోడ్డు (కడప)

ట్రాకర్ ఉంది మావా, ఆపలేను, అక్కడ కాపలా ఎవరూ లేరు. రేపు కొలుస్తా. ఎలా కొలవాలో కొంచెం విడమరిచి చెప్పు, మీటరు కొన్నాను గానీ వోల్టులు తప్ప ఏం చూడటం రాదు.

మల్టీమీటర్_మావ (కర్నూలు)

మీటరు ఎర్ర వైరుని 10 ఆంప్స్ అని రాసి ఉన్న రంధ్రంలోకి మార్చు, డయల్ డీసీ ఆంప్స్ మీద పెట్టు. బండి తాళం తీసేసి తలుపులన్నీ వెయ్, ముందు తలుపు తెరిచి పెట్టాల్సి వస్తే దాని లాక్ నాలుకని స్క్రూడ్రైవర్‌తో నొక్కెయ్, లేకపోతే లోపలి లైటు కరెంటు కూడా లెక్కలోకి వచ్చేస్తుంది. బ్యాటరీ నెగటివ్ లగ్గు తీసి, లగ్గుకీ టెర్మినల్‌కీ మధ్య మీటరు పెట్టు. మొదట్లో పెద్ద అంకె చూపిస్తుంది, గాభరా పడకు, అన్నీ నిద్రపోవడానికి అరగంట దాకా పడుతుంది. ఆ తర్వాత నిలిచిన అంకె అసలుది. అప్పుడు ఫ్యూజులు ఒక్కొక్కటే పీకి చూడు, ఏది పీకితే అంకె దబ్బున పడిందో దొంగ ఆ లైన్లోనే ఉన్నాడు. మీటరు మధ్యలో ఉండగా పొరపాటున కూడా సెల్ఫ్ కొట్టకు, మీటరు ఫ్యూజు పోతుంది, ఫ్యూజు లేని చవక మీటరైతే మీటరే పోతుంది. తర్వాత వోల్టులు చూసేటప్పుడు ఎర్ర వైరుని మళ్ళీ పాత రంధ్రంలోకి మార్చాకే బ్యాటరీ మీద పెట్టు, అలాగే మర్చిపోతే నేరుగా షార్ట్ అవుతుంది.

గండికోట_రోడ్డు (కడప)

కొలిచా! అరగంట తర్వాత 190 మిల్లీ ఆంప్స్ దగ్గర ఆగింది. ఫ్యూజులు పీకుతూ పోతే స్టీరియో ఫ్యూజు తీయగానే 45కి పడిపోయింది. స్టీరియో వెనక చూస్తే పసుపు వైరు, ఎర్ర వైరు రెండూ కలిపి చుట్టి టేపు వేసి ఉన్నాయి. వ్యాన్ లోపలి పని చేసిన చోటే ఇది కూడా బిగించారు. ఇది మామూలేనా?

బ్యాటరీ_షెడ్డు (అనంతపురం)

మామూలేనప్పా, తొందర పనిలో చాలా చోట్ల చేసేది ఇదే. పసుపు ఎప్పుడూ కరెంటు ఉండాల్సిన మెమరీ వైరు, ఎర్రది తాళంతో పాటు ఆన్ ఆఫ్ అవ్వాల్సిన వైరు. రెండూ కలిపేస్తే తాళం లేకుండానే పాటలు వస్తాయి, కస్టమర్ సంతోషపడతాడు. కానీ స్టీరియో, దాని వెనక ఆంప్లిఫయర్ ఉంటే అదీ, ఎప్పటికీ నిద్రపోవు. ఎర్ర వైరు విడదీసి తాళం లైనుకి ఇవ్వు. మీది క్యారవాన్ కాబట్టి ఇంకా మంచి పని ఉంది, స్టీరియో మొత్తాన్ని లిథియం వైపుకి మార్చెయ్. దిగి కూర్చున్నాక పాటలు వినేది అక్కడే కదా, ఇంజిన్ బ్యాటరీతో దానికేం పని.

మల్టీమీటర్_మావ (కర్నూలు)

190 అంటే రోజుకి నాలుగున్నర ఏహెచ్, రెండు వారాలకి 60 పైనే. లెక్క సరిగ్గా సరిపోయింది. ఇప్పుడు మిగిలిన 45లో ట్రాకర్ కూడా ఉంది, రోజుకి ఒక ఏహెచ్ చిల్లర. దీనికి పెద్ద హంగామా అక్కర్లేదు, 20 వాట్ల చిన్న ప్యానెల్ ఒకటి విడిగా ఇంజిన్ బ్యాటరీకే పెట్టేయొచ్చు. మంచి ఎండలో ఒక ఆంప్ ఇస్తుంది, మన దగ్గర రోజుకి ఐదు గంటల గట్టి ఎండ అనుకుంటే నష్టాలు పోను నాలుగు ఏహెచ్ వస్తుంది. ఓర్వకల్లు దగ్గర 1000 మెగావాట్ల సోలార్ పార్కు ఊరికే పెట్టారా, మనకి లేనిది నీళ్లే గానీ ఎండ కాదు.

సీమ_సంచారి (అనంతపురం)

అక్కడ ఆగు మావా. టాపు మీద 200 వాట్లు ఉండగా ఇంకో ప్యానెల్, ఇంకో కంట్రోలరు, ఇంకో రంధ్రం ఎందుకు? రెండు బ్యాటరీలకి అవుట్‌పుట్ ఇచ్చే సోలార్ కంట్రోలర్లు కూడా ఉన్నాయి, లేదా హౌస్ నుంచి చిన్న డీసీ-డీసీ. నేను టాపు మీద ఇంకో రంధ్రం వేయించే ప్రసక్తే లేదు, పడేదే నాలుగు వానలైనా సరిగ్గా మంచం మీదే కారుతుంది.

మల్టీమీటర్_మావ (కర్నూలు)

రెండు అవుట్‌పుట్‌ల కంట్రోలర్లలో చాలావాటికి రెండు వైపులా ఒకే రకం బ్యాటరీ ఉండాలి సంచారీ, ఒకటి లిథియం ఇంకోటి లెడ్డు అంటే చూసి కొనాలి. డీసీ-డీసీ అంటావా, అది చక్కగా పనిచేస్తుంది, కాదనను. నాకు చిన్న ప్యానెల్ ఎందుకు ఇష్టమంటే రెండు బ్యాటరీల మధ్య ఏ సంబంధమూ ఉండదు. ఒక వైపు ఏం పాడైనా రెండో వైపుకి అంటదు. రంధ్రం అక్కర్లేదు, ముందు అద్దం లోపల డ్యాష్‌బోర్డు మీద పెట్టినా కొంత వస్తుంది, అద్దం వల్ల తగ్గుతుంది అంతే. అయితే కంట్రోలర్ మాత్రం ఉండి తీరాలి, 12 వోల్టుల ప్యానెల్ అంటారు గానీ లోడు లేనప్పుడు 21 వోల్టుల దాకా ఇస్తుంది.

బ్యాటరీ_షెడ్డు (అనంతపురం)

కంట్రోలర్ కొనేటప్పుడు టెంపరేచర్ కాంపెన్సేషన్ (వేడిని బట్టి ఛార్జింగ్ వోల్టేజీ తగ్గించుకోవడం) ఉందా అని అడుగు. ఫ్లోట్ వోల్టేజీ (బ్యాటరీ నిండాక అలాగే నిలిపి ఉంచేది) 25 డిగ్రీల దగ్గర 13.6 ఉంటే, 45 డిగ్రీల వేడిలో 13.2 దగ్గరికి దిగాలి. దిగకపోతే వేసవి అంతా నీళ్లు ఉడికిపోతాయి, మూతలు లేని బ్యాటరీ అయితే మళ్ళీ పోసుకునే దారి కూడా ఉండదు. వేసవిలో నా దగ్గరికి వచ్చేవాటిలో ఛార్జ్ లేక చచ్చినవి ఎన్నో, ఎక్కువ ఛార్జింగ్‌తో చచ్చినవి కూడా అన్నే. ఇంకా ప్యానెల్ మీద దుమ్ము. మన వైపు గాలికి రెండు వారాల్లో ఎర్రమట్టి పొర పడుతుంది, బండి చూడ్డానికి పోయినప్పుడు తడిగుడ్డతో తుడువు. వేప చెట్టు నీడ కూడా పనికిరాదు, ప్యానెల్ మీద ఒక మూల కొమ్మ నీడ పడినా కరెంటు బాగా పడిపోతుంది.

తుంగభద్ర_గట్టు (కర్నూలు)

మాది రేకుల షెడ్డులో పెడతాం, ఎండే తగలదు. కానీ ప్లగ్ పాయింట్ ఉంది. ఇంటి ఇన్వర్టర్ వైర్లు తెచ్చి ఇంజిన్ బ్యాటరీకి తగిలిస్తే కుదురుతుందా?

బ్యాటరీ_షెడ్డు (అనంతపురం)

వద్దు. ఇన్వర్టర్ ఛార్జింగ్ పెద్ద ట్యూబులర్ కోసం సెట్ చేసి ఉంటుంది, పది పదిహేను ఆంప్స్ తోస్తుంది. నీకు కావాల్సింది మెయింటెనెన్స్ ఛార్జర్, నాలుగైదు ఆంప్స్‌ది చాలు, నిండాక తనే ఫ్లోట్‌లోకి దిగి కూర్చునే రకం. అలాంటిది నెలల తరబడి తగిలించి వదిలేయొచ్చు, మధ్యలో కరెంటు పోయి వచ్చినా ఏం కాదు, కాకపోతే కరెంటు వచ్చాక తనంతట మళ్ళీ మొదలవుతుందో లేదో కొనే ముందు చూసుకో, కొన్నింటికి బటన్ నొక్కాలి. ఇంకా పాత రకం ట్రాన్స్‌ఫార్మర్ ఛార్జర్లు ఉంటాయి, మా షాపుల్లో రాత్రి పెట్టి పొద్దున తీసేవి, అవి ఎప్పుడూ అలా వదిలేయకు. షెడ్డు తలుపులు మూసి ఉంటే కొంచెం గాలి ఆడేలా చూడు, ఛార్జింగ్‌లో హైడ్రోజన్ వస్తుంది.

గండికోట_రోడ్డు (కడప)

సరే అన్నా, తేల్చుకున్నా. స్టీరియో లిథియం మీదకి మారుస్తున్నా, ఇంజిన్ బ్యాటరీని ఒకసారి పూర్తిగా ఛార్జింగ్‌కి పెట్టించి రాత్రి వదిలేసి వోల్టులు చూస్తా, తర్వాత 20 వాట్ల ప్యానెల్, కాంపెన్సేషన్ ఉన్న కంట్రోలర్. సంచారీ అన్నా, రంధ్రం వేయను, టాపు మీద క్యారియర్ రాడ్లు ఉన్నాయి, వాటికే బిగిస్తా, వైరు వెనక తలుపు రబ్బరు పక్క నుంచి తెస్తా. ఇంకేమైనా మర్చిపోయానా?

డ్రైవర్_బాబాయి (నంద్యాల)

టెర్మినళ్ల మీద తెల్ల పూత ఉందేమో చూడు. ఉంటే లగ్గులు తీసి వేడి నీళ్లతో కడిగి, ఆరాక బిగించి పైన కొంచెం వాజిలిన్ రాయి. సగం సార్లు బ్యాటరీ బాగానే ఉంటుంది, లగ్గే పట్టి ఉండదు. దీనికి కూడా మీటరు కావాలంటారా?

మల్టీమీటర్_మావ (కర్నూలు)

దీనికి అక్కర్లేదు బాబాయ్ 😄 గండికోట, ఒక్కటి మర్చిపోయావు, ఫ్యూజు. కంట్రోలర్ నుంచి బ్యాటరీకి పోయే పాజిటివ్ వైరు మీద, బ్యాటరీకి జానెడు దూరంలోపు 5 ఆంప్స్ ఫ్యూజు పెట్టు. తలుపు సందులో నలిగే వైరు అది, ఎప్పుడో ఒకప్పుడు తొడుగు తెగి బాడీకి తగులుతుంది. ఇంకోటి, కంట్రోలర్‌కి ముందు బ్యాటరీ వైర్లు కలిపి ఆ తర్వాతే ప్యానెల్ వైర్లు కలుపు, తీసేటప్పుడు ముందు ప్యానెల్.

గండికోట_రోడ్డు (కడప)

సరే మావా, ఫ్యూజు హోల్డరు కూడా రాసుకున్నా. శనివారం బజారుకి పోతా. పాత 45 మిల్లీ ఆంప్స్‌లో ట్రాకర్ వాటా ఎంతో కూడా ఆ రోజే పీకి చూసి ఇక్కడ రాస్తా.